ర్యాంపు కట్టాం, ఇంకేం చేయాలి? చిన్న ఆర్ట్ మ్యూజియం దివ్యాంగులకు అందేలా చేయడం ఎలా

ఈ ప్రశ్న నాకు దాదాపు ఒకే మాటల్లో వస్తుంటుంది. జిల్లా మ్యూజియంలో పనిచేసేవారు, కాలేజీ ఫైన్ ఆర్ట్స్ విభాగం వారు, తాతల నాటి సేకరణను ఇంటి కింది అంతస్తులో గ్యాలరీగా పెట్టుకున్నవారు అందరూ అడిగేది ఒక్కటే: "ర్యాంపు కట్టించామండీ. ఇంకేం చేయాలి?"

ర్యాంపు కావాల్సిందే. కానీ అది మనిషిని గుమ్మం దాటిస్తుంది, అంతే. చూపులేని అమ్మాయి లోపలికి వచ్చి, గోడ మీద ఏముందో తెలియకుండానే బయటికి వెళ్లిపోయిందంటే మీ మ్యూజియం ఆమెకు ఒక చల్లటి వరండాతో సమానం. అందుకే ఈ వ్యాసంలో కట్టడం పనుల్ని త్వరగా ముగించి, బొమ్మను మనిషి దగ్గరికి చేర్చే పని మీద ఎక్కువసేపు ఆగుతాను.

చట్టం సంగతి రెండు మాటల్లో: 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సంస్కృతి, వినోదం అందరికీ అందాలన్నది అందులో ఉంది. అందుబాటు ప్రమాణాలు ఉత్త సూచనలుగా మిగిలిపోకూడదని, కొన్నింటిని తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇక పనిలోకి దిగుదాం.

కావలసినవి

- కొలత టేపు, సుద్దముక్క, ఫోను.
- ఒక వీల్‌చైర్. కొనలేకపోతే అద్దెకు తెచ్చుకోండి.
- మీతో కలిసి తిరగడానికి కొందరు దివ్యాంగులు. వీల్‌చైర్‌లోనో మూడు చక్రాల బండి మీదో తిరిగేవారు ఒకరు, పూర్తిగా చూపులేనివారు ఒకరు, కొద్దిగా చూపున్నవారు ఒకరు, బధిరులు ఒకరు ఉంటే మంచిది. వారి సమయానికి డబ్బు, రానుపోను ఆటో ఖర్చు ఇవ్వండి. టీ, బిస్కెట్లతో సరిపెట్టకండి.
- మీ సేకరణలోంచి మూడు వస్తువులు. అవును, మూడే. అన్నిటికీ ఒకేసారి చేద్దామనుకున్నవారు ఒక్కదానికీ చేయరు.
- లేబుళ్ల రాత మొత్తం యూనికోడ్‌లో టైపు చేసిన ఫైలు. ఎందుకో నాలుగో మెట్టులో చెబుతాను.
- ఒక వడ్రంగి, ఒక లేజర్ కటింగ్ షాపు. పెళ్లి మండపాలకు పేర్ల బోర్డులు కోసిచ్చే షాపు ఇప్పుడు చాలా ఊళ్లలో ఉంది, అది చాలు.

1. డబ్బు ఖర్చు పెట్టకముందు కలిసి తిరగండి

మ్యూజియం గేటు దగ్గర కాదు, బస్టాపు దగ్గర మొదలుపెట్టండి. ఆటో ఎక్కడ ఆగుతుంది? పెద్ద గేటు మూసేసి చిన్న తలుపే తెరుస్తారా? దానికి అడ్డంగా గొలుసు ఉందా? మెటల్ డిటెక్టర్ చట్రంలోంచి వీల్‌చైర్ దూరుతుందా? టికెట్ కిటికీ ఎంత ఎత్తులో ఉంది? సామాన్లు దాచే గదిలో బ్యాగుతో పాటు తెల్లకర్ర కూడా లాగేసుకుంటున్నారా? ఇలా టాయిలెట్ దాకా వెళ్లి రండి. అడ్డు తగిలిన ప్రతిచోటా సుద్దతో గుర్తు పెట్టి ఫొటో తీయండి. ఈ ఫొటోలే మీ పనుల జాబితా.

*జాగ్రత్త:* మనుషులు దొరకలేదని సిబ్బంది కళ్లకు గంతలు కట్టి నడిపించకండి. చూపున్నవారు కళ్లు మూసుకుంటే తెలిసేది భయమే. ఏళ్ల తరబడి చూపు లేకుండా తిరిగేవారి నేర్పు అందులో తెలియదు. ఆ భయంతో తీసుకునే నిర్ణయాలు కూడా అలాగే ఉంటాయి: అక్కర్లేని చోట కడ్డీలు వేస్తారు, కావాల్సిన చోట లేబుల్ మరిచిపోతారు. మీ జిల్లాలోని అంధుల పాఠశాలనూ, బధిరుల పాఠశాలనూ, వికలాంగుల సంఘాన్నీ అడగండి. మనుషులు దొరుకుతారు.

2. గేటు నుంచి గ్యాలరీ దాకా

ర్యాంపుకు లెక్క ఒక్కటే: ఎత్తు 1 అయితే పొడవు కనీసం 12. మీ గుమ్మానికి 15 సెంటీమీటర్ల మెట్లు మూడున్నాయనుకోండి. ఎత్తు 45 సెంటీమీటర్లు, ర్యాంపు 5.4 మీటర్లు. "అంత చోటు ఎక్కడుందండీ" అని మేస్త్రీ రెండు మీటర్లలో ముగించేస్తాడు. అది బైకు ఎక్కించుకోవడానికి బాగుంటుంది. చోటు చాలకపోతే ర్యాంపును మలుపు తిప్పండి, వాలు మాత్రం పెంచకండి. పైనా కిందా, మలుపు దగ్గరా 1.5 మీటర్ల చదును స్థలం వదలండి. రెండు పక్కలా చేతికడ్డీలు, 76 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, 90 దగ్గర ఒకటి.

*ఎలా సరిచూడాలి:* ఫోనులో మట్టం చూపే యాప్ ఉంటుంది. ఫోనును ర్యాంపు మీద పడుకోబెట్టండి. 1:12 అంటే 4.8 డిగ్రీలు. ఐదు దాటితే మేస్త్రీని మళ్లీ పిలవండి. తరవాత రెండు చెంబుల నీళ్లు పోసి చెప్పులతో నడవండి. జారితే వాన రోజున వీల్‌చైర్ తోసేవారు కూడా జారతారు. నున్నగా మెరిసే గ్రానైట్ మన వాళ్లకు మహా ఇష్టం. ర్యాంపు మీద మాత్రం దాన్ని వేయనివ్వకండి, గరుకు చేసిన రాయి కావాలి.

లోపలికి వచ్చాక మొదటి శత్రువు గడప. ఇంటి గడపకు పసుపు, కుంకుమ పెట్టుకుందాం, గ్యాలరీకి అది అక్కర్లేదు. తీయలేని పాత కట్టడమైతే రెండు వైపులా చెక్కతో వాలు బిళ్లలు పెట్టించండి. తలుపు తెరిచినప్పుడు 90 సెంటీమీటర్ల దారి ఉండాలి. రెండు రెక్కల తలుపుకు ఒక రెక్కే తెరిచి రెండోదానికి గడియ పెట్టడం మనకు అలవాటు. పగలంతా రెండూ తెరిచి ఉంచండి, పైసా ఖర్చు లేదు.

టాయిలెట్: తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరగాలి. లోపల వీల్‌చైర్ తిరగడానికి 1.5 మీటర్ల వలయం ఉండాలి. ఎక్కువగా కనిపించే తప్పు కట్టడంలో లేదు, వాడకంలో ఉంది. దివ్యాంగుల టాయిలెట్ అని బోర్డు ఉంటుంది, లోపల చీపుర్లు, విరిగిన కుర్చీలు, ఫినాయిల్ డబ్బాలు ఉంటాయి. తాళం చెవి సెలవులో ఉన్నాయన దగ్గర ఉంటుంది.

ఇంకొకటి, మన దగ్గరే ఎక్కువగా తగిలేది. "చెప్పులు బయట విడవండి" అని బోర్డు పెట్టే గ్యాలరీలున్నాయి. పోలియో వచ్చి కాలికి కాలిపర్ వేసుకున్నవారికి బూటు, కాలిపర్ కలిసే ఉంటాయి. అది విప్పితే నడవలేరు. బోర్డు కింద మినహాయింపు రాయండి, గార్డుకు నోటితో కూడా చెప్పండి.

3. ఎత్తులు, వెలుగు, అద్దాలు

వీల్‌చైర్‌లో మీరే కూర్చోండి. మీ కన్ను నేల నుంచి 1.1 లేదా 1.2 మీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి ప్రతి అద్దాల పెట్టెకూ ఒక ఫొటో తీయండి. ఫొటోలో నాణెం బదులు ట్యూబ్‌లైటు కనిపిస్తే లైటు జరపండి, లేదా అద్దాన్ని కాస్త వంచండి.

పెద్ద పటాలను కదపనక్కర్లేదు. నాణేలు, సూక్ష్మచిత్రాలు, నగల వంటి చిన్నవాటిని నేలకు ఒక మీటరు ఎత్తులోకి దించండి. బల్లలాంటి పెట్టెల కింద మోకాళ్లు పట్టేలా 70 సెంటీమీటర్ల ఖాళీ ఉంచండి. ఆ ఖాళీలో పాత రిజిస్టర్లు పేర్చకండి.

గోడ నుంచి 10 సెంటీమీటర్లకు మించి ముందుకొచ్చే వస్తువులు చూపులేనివారికి ప్రమాదం. నిప్పార్పే సిలిండరు, గోడ దీపం, గోడకు బిగించిన టీవీ లాంటివి. తెల్లకర్ర నేల దగ్గరే వెతుకుతుంది. నడుముకు పైన ఉన్నది దానికి తగలదు, ఒంటికో తలకో తగులుతుంది. వాటి కింద ఒక తొట్టో పీఠమో పెట్టండి.

వెలుగు దగ్గర ఒక చిక్కుంది. చూపు తక్కువున్నవారికి వెలుతురు కావాలి, నీటిరంగుల బొమ్మలకూ కలంకారీ గుడ్డకూ 50 లక్స్ (వెలుతురు కొలత) మించితే రంగు త్వరగా వెలిసిపోతుంది. ఇద్దరికీ మధ్య రాజీ కుదర్చబోయి బొమ్మను పాడుచేయకండి. మంచి ఫొటో తీసి, ఏ3 సైజులో మెరుపులేని కాగితం మీద అచ్చువేసి, కుర్చీ ఉన్న చోట చేతికివ్వండి. పాత ట్యాబ్ ఉంటే ఇంకా మేలు, వేళ్లతో పెద్దది చేసుకుంటారు.

4. లేబుళ్లు

నల్ల గ్రానైట్ మీద బంగారు అక్షరాలు శంకుస్థాపనలకు వదిలేయండి. లేత రంగు మీద నలుపు, 18 పాయింట్లకు తగ్గకుండా. తెలుగుకు వరుసల మధ్య దూరం ఇంగ్లిష్ కన్నా ఎక్కువ కావాలి. లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులతో కలిసిపోయి "స్త్రీ"ని "శ్రీ"గా చదువుకోవాల్సి వస్తుంది. సినిమా టైటిళ్ల ఫాంట్లు వద్దు.

ఇప్పుడు యూనికోడ్ సంగతి. చాలా సంస్థల్లో లేబుళ్లు ఇంకా అను ఫాంట్లలోనే (ఇంగ్లిష్ అక్షరాలకే తెలుగు రూపం తొడిగే పాత పద్ధతి), డీటీపీ ఆపరేటర్ కంప్యూటర్లోనే ఉన్నాయి. ఆ ఫైలును చూపులేని పాఠకుడికి పంపితే తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, అంటే ఆయన ఫోనులోని టాక్‌బ్యాకో, కంప్యూటర్లోని ఎన్‌వీడీఏనో, చదివేది తెలుగు కాదు, అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల గోల. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే అసలు ఏమీ చదవదు, దానికి అదొక ఫొటో. మార్చే సాఫ్ట్‌వేర్లున్నాయి. మార్చాక మనిషి చేత దిద్దించండి, వత్తులు గల్లంతవుతాయి.

*సరిచూడటం:* మీ ఫోనులో టాక్‌బ్యాక్ పెట్టి, స్క్రీను వైపు చూడకుండా వినండి. మీకు అర్థమైతే వారికీ అర్థమవుతుంది.

బ్రెయిలీ లేబుళ్ల దగ్గర నాకు పదే పదే కనిపించే తప్పులు:

- ఫ్లెక్సీ మీద బ్రెయిలీ చుక్కల బొమ్మ అచ్చువేయడం. చుక్క వేలికి తగలకపోతే అది అలంకారమే.
- బ్రెయిలీ కాగితాన్ని అద్దం వెనక పెట్టడం. నవ్వకండి, జరుగుతుంది.
- తలకిందులుగా అతికించడం. బిగించేముందు బ్రెయిలీ చదివేవారికి చూపించండి.
- నిలువు గోడ మీద, భుజం ఎత్తులో పెట్టడం. మణికట్టు నొప్పెడుతుంది. నడుము ఎత్తులో, కొంచెం ఏటవాలుగా ఉండాలి.

పెద్దయ్యాక చూపు పోయినవారిలో చాలామందికి బ్రెయిలీ రాదు. కాబట్టి బ్రెయిలీ పెట్టేశాం, అయిపోయిందనుకోకండి. అసలు పని కింద ఉంది.

5. బొమ్మను మాటల్లో చెప్పండి

మొత్తం వ్యాసంలో ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి. ఖర్చు లేదు, ఒక సాయంత్రం కూర్చుంటే ఒక వస్తువు పూర్తవుతుంది.

మన గైడ్లు చెప్పేది చరిత్ర. ఏ రాజు, ఏ శతాబ్దం, ఎవరు తవ్వారు. చూపున్నవారికి అది సరిపోతుంది, బొమ్మ ఎదురుగా ఉంది కాబట్టి. చూపులేనివారికి ముందు బొమ్మ కావాలి, చరిత్ర తరవాత. వరుస ఇలా పెట్టుకోండి: ఏ వస్తువు, ఎంత పెద్దది, దేంతో చేశారు, మొత్తం మీద ఏముంది, తరవాత ఒక మూల నుంచి మొదలుపెట్టి క్రమంగా, చివర కథ.

ఉదాహరణకు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పం, నళగిరి ఏనుగును బుద్ధుడు లొంగదీసిన ఘట్టం. దాన్ని ఇలా చెప్పొచ్చు:

"ఇది గుండ్రటి రాతి పలక. అడ్డంగా మూడడుగులకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. తెల్లటి పలనాటి సున్నపురాయి. బొమ్మలు రాయిలోంచి ఉబ్బి బయటికి వచ్చి ఉంటాయి. ఒకే వలయంలో ఒకే ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. మీ ఎడమ వైపు అది మదమెక్కి నగర వీధిలో పరిగెడుతోంది. తొండంతో ఒక మనిషిని పట్టుకుని విసురుతోంది. చుట్టూ జనం పరుగులు. ఒక స్త్రీ భయంతో పక్కనున్న మగవాణ్ని గట్టిగా పట్టుకుంది. పైన మేడ కిటికీల్లోంచి కొన్ని తలలు తొంగి చూస్తున్నాయి. ఇప్పుడు కుడి వైపుకు రండి. అదే ఏనుగు మోకరిల్లి ఉంది. దాని ఎదుట బుద్ధుడు నిలబడి ఉన్నాడు, వెనక భిక్షువులు. ఎడమ వైపు అంతా కదలిక, కుడి వైపు కదలిక ఆగిపోయింది."

ఇందులో "అద్భుతం", "నయనానందకరం" లేవు చూడండి. ఏది అద్భుతమో వినేవారు తేల్చుకుంటారు. "శిల్పి భయాన్ని కళ్లకు కట్టాడు" అనడం కన్నా "స్త్రీ పక్కనున్నవాణ్ని పట్టుకుంది" అనడం వెయ్యి రెట్లు నయం.

కొన్ని హెచ్చరికలు:

- ఎడమ, కుడి ఎవరివి? చూసేవారి ఎడమ అని మొదట్లోనే ఒకసారి చెప్పండి. దేవుడి కుడిచేయి చూసేవారి ఎడమ వైపు ఉంటుంది, ఇక్కడే అందరూ తడబడతారు.
- చూపులేనివారికి రంగులెందుకని వదిలేయకండి. కొందరు ఒకప్పుడు చూసినవారే. పుట్టుకతో చూపులేనివారికీ ఎరుపు అంటే ఏమిటో మాటల లోకంలో తెలుసు.
- రెండు నిమిషాలు దాటనివ్వకండి. ఇంకా చెప్పాలనుంటే "మరింత" అని రెండో ముక్కగా పెట్టండి.
- ప్రవచనంలా, టీవీ యాంకర్‌లా చదవకండి. పక్కింటి వారికి చెబుతున్నట్టు చెప్పండి. గ్రాంథికం వద్దు, "పరివేష్టితమై" అంటే ఎవరి చుట్టూ ఎవరున్నారో అర్థం కాదు.

రికార్డింగుకు ఫోను చాలు. పరుపులు, కర్టెన్లు ఉన్న గదిలో, ఫ్యాను ఆపి చేయండి. ఖాళీ గ్యాలరీలో చేస్తే బావిలోంచి మాట్లాడినట్టు వస్తుంది.

వినిపించడం ఎలా? క్యూఆర్ కోడ్ పెట్టొచ్చు, కానీ చూపులేనివారికి అది గోడ మీద ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ప్రతి లేబుల్‌కూ ఒకే మూలలో పెట్టి, చుట్టూ ఉబ్బెత్తు అంచు అతికించండి. స్మార్ట్‌ఫోను లేనివారికి టికెట్ కిటికీ దగ్గర ఒక చిన్న ప్లేయరు, ఇయర్‌ఫోన్లు ఉంచండి. అదీ కుదరకపోతే రాసిన కాగితాన్ని గైడు చదివి వినిపించాలి. అడిగినవారికి వాట్సాప్‌లో ఆడియో పంపే పద్ధతి కూడా చిన్న చోట్లకు సరిపోతుంది.

*సరిచూడటం:* బొమ్మను ఎప్పుడూ చూడని స్నేహితుడికి వినిపించి కాగితం మీద గీయమనండి. బొమ్మ బాగా రావక్కర్లేదు, ఏనుగులు రెండూ సరైన వైపున పడ్డాయా అన్నదే చూడండి. తరవాత చూపులేనివారికి వినిపించి తిరిగి చెప్పమనండి. వారు తడుముకున్న చోట మీ వాక్యం తడుముకుందని అర్థం, అక్కడ తిరగరాయండి.

6. ముట్టుకునే బొమ్మ

"ముట్టుకోరాదు" బోర్డు మ్యూజియంలో ఉండాల్సిందే. చెమట, నూనె సున్నపురాయికి మరక పెడతాయి, లోహాన్ని తినేస్తాయి. అందుకని నకళ్లు. పారిస్‌లోని లూవ్ర్ 1995లోనే అచ్చుపోసిన శిల్పాలతో స్పర్శ గ్యాలరీ పెట్టింది. మాడ్రిడ్‌లోని ప్రాడో 2015లో పేరున్న చిత్రాలను ఉబ్బెత్తుగా తయారుచేసి చేతులతో చూడనిచ్చింది. అదే ఏడాది ఢిల్లీ నేషనల్ మ్యూజియం "అనుభవ్" పేరుతో నకళ్ల గ్యాలరీ తెరిచింది.

మీకు వారి బడ్జెట్ లేదు. కానీ వారికి లేనిది మీకుంది: మన చేతిపనుల్లో సగం చేతితో తడిమి తెలుసుకునేవే.

- పెడన కలంకారీ ఉందా? గుడ్డతో పాటు దాన్ని అచ్చుకొట్టిన టేకు దిమ్మెను బల్ల మీద పెట్టండి. గుడ్డ మీది తీగ, పువ్వు దిమ్మె మీద వేలికి తెలుస్తాయి. వాడేసి పక్కన పడేసిన పాత దిమ్మెలు అద్దకం చేసేవారి దగ్గర దొరుకుతాయి.
- తోలుబొమ్మలా? చిరిగి ఆటకు పనికిరానిదాన్ని కళాకారుల దగ్గర కొనండి. నగల కోసం పొడిచిన చిల్లులు, కీళ్ల దగ్గర ముడులు, మధ్యలో నిలువు పుల్ల, అన్నీ చేతికే అర్థమవుతాయి. వెలుగు చిల్లుల్లోంచి వస్తుందని చెప్పండి.
- కొండపల్లి బొమ్మ, ఏటికొప్పాక లక్కబొమ్మ పక్కపక్కన పెట్టండి. తేలికైన పొణికి కర్ర, నున్నటి లక్క, తేడా చేతిలో తేలిపోతుంది.
- రాతి శిల్పానికి దుర్గి శిల్పుల చేత నకలు చెక్కించవచ్చు. లేదా ప్లాస్టర్ అచ్చు.

చదునైన బొమ్మలకు, అంటే చేర్యాల పటం, నూనెరంగుల చిత్రం లాంటివాటికి, ఇలా చేయండి:

అ) ఒక బొమ్మను ఎంచుకోండి. చేర్యాల పటం మొదటిసారికి మంచిది, మనుషులు పక్క చూపుతో, గట్టి గీతలతో, ఒకరి వెనక ఒకరు దాగకుండా ఉంటారు. లోతుగా వెనక్కి వెళ్లిపోయే వీధుల చిత్రంతో మొదలుపెట్టకండి.

ఆ) ట్రేసింగ్ కాగితం మీద బయటి గీతలు మాత్రమే దించండి. తరవాత సగం తీసేయండి. మనసొప్పదు, అయినా తీసేయాలి. కన్ను ఒక్కసారిగా చూసేదాన్ని వేలు ముక్కముక్కలుగా చదువుతుంది, కిక్కిరిస్తే ఏదీ అందదు. నళగిరి శిల్పమే అయితే రెండు ఏనుగులు, విసిరేయబడుతున్న మనిషి, బుద్ధుడు, ఒక కిటికీ ఉంచుతాను. జనాన్ని ఆడియోకు వదిలేస్తాను.

ఇ) ఏ3 సైజు ఉంచండి, రెండు అరచేతుల కిందికి వచ్చేలా. అంతకన్నా పెద్దదైతే పోల్చుకోవడానికి చేతులు చాలవు.

ఈ) గీతను లేజర్ షాపులో 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్క మీద కోయించి పొరలుగా అతికించండి. ముందున్నది పై పొర. అంచుల మసి, పదును ఉప్పుకాగితంతో తీసేయండి. లేజర్ లేకపోతే అట్ట, జనపనార తాడు, ఫెవికాల్.

ఉ) ఒక్కో భాగానికి ఒక్కో స్పర్శ: చీరకు గుడ్డ, ఏనుగుకు ఉప్పుకాగితం, నేలకు కార్కు. నాలుగైదుకు మించొద్దు. ఏది ఏమిటో పక్కన చిన్న పట్టీ మీద చూపండి.

ఊ) బల్లకు గట్టిగా బిగించండి. చేతి కింద జరిగిపోయే బొమ్మను ఎవరూ చదవలేరు.

*సరిచూడటం:* ఆడియో లేకుండా ముందు తడిమి చూడమనండి, తరవాత ఆడియోతో. రెండోసారి "ఓ, ఇది తొండమా!" అన్న మాట వస్తే రెండూ కలిసి పనిచేస్తున్నట్టు. ఆడియోతో కూడా తొండం చేయిలా అనిపిస్తే గీత మార్చండి. చేయి పట్టుకుని లాగి "ఇదిగో ఇక్కడ" అని పెట్టకండి. "మీ కుడిచేతి కింద, కొంచెం పైకి" అని నోటితో చెప్పండి.

ఈ బల్లను మూలగదిలో ప్రత్యేకంగా పెట్టకండి. అసలు వస్తువు పక్కనే పెట్టండి. పిల్లలందరూ ఎగబడతారు, ఎగబడనీయండి. అరిగితే మళ్లీ కోయించుకోవచ్చు, నకలేగా.

7. బధిరులకు

వినబడదు కదా, లేబుల్ చదువుకుంటారులే అనుకోవడం పెద్ద పొరపాటు. పుట్టుకతో బధిరులైన చాలామందికి మొదటి భాష సైగల భాష, తెలుగు రెండోది. చాంతాడంత వాక్యాలు వారికి బరువు. లేబుల్ మొదటి మూడు వాక్యాలు చిన్నవిగా రాయండి.

మూడు వస్తువులకు భారతీయ సైగల భాషలో చిన్న వీడియోలు చేయించండి. సైగలు చేసేవారు బధిరులే అయితే మంచిది. వారి వెనక ఒకే రంగు గోడ, నడుము నుంచి తల పైదాకా చట్రంలో ఉండాలి. మూల పెట్టెలో బొటనవేలంత చూపిస్తే వేళ్లు కనబడవు. మీ దగ్గర ఇప్పటికే ఉన్న డాక్యుమెంటరీలకు తెలుగు అక్షరాలు వేయించండి. దానంతట అది వచ్చే తెలుగు క్యాప్షన్లను దిద్దకుండా వదిలేస్తే శాతవాహనులు ఏమవుతారో ఒకసారి చూడండి.

గైడు జనం వైపు తిరిగి మాట్లాడాలి. శిల్పం వైపు తిరిగితే పెదవులు చదివేవారికి మాట తెగిపోతుంది.

8. నిశ్శబ్ద వేళ

ఆటిజం ఉన్న పిల్లల కుటుంబాలు జనాన్ని, రొదను చూసి వెనక్కి తగ్గుతాయి. వారంలో ఒక ఉదయం స్కూలు బస్సుల్ని రానివ్వకుండా, వీడియోల శబ్దం ఆపి, మిణుకుమనే ట్యూబులు మార్చి ఉంచండి. మధ్యమధ్య కూర్చునేందుకు బల్లలు వేయండి. ఆ బల్లలు మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి రోజూ పనికొస్తాయి.

9. గార్డుకు నేర్పండి

అన్నీ పెట్టినా తలుపు దగ్గరి మనిషి "అయ్యో పాపం, మీకేం కనిపిస్తుందమ్మా లోపల" అంటే అంతా వృథా. సిబ్బందికి ఒక పూట కూర్చోబెట్టి ఇవి చెప్పించండి. చెప్పేవారు దివ్యాంగులైతే మరీ మంచిది.

- వెంట వచ్చినవారితో కాదు, వచ్చినవారితోనే మాట్లాడాలి. "ఈయనకు టికెట్ కావాలా?" కాదు, "సార్, టికెట్ ఎన్ని?"
- "సాయం కావాలా అండీ?" అని అడగాలి. వద్దంటే ఆగాలి.
- చూపులేనివారి చేయి పట్టి లాగకూడదు. మన మోచేయి ఇస్తే వారే పట్టుకుంటారు.
- అడగకుండా వీల్‌చైర్ ముట్టుకోకూడదు. అది వారి ఒళ్లులాంటిది.
- సదరం సర్టిఫికెట్ చూపిస్తే రాయితీ ఇచ్చేలా ఉంటే ఆ సంగతి గార్డుకూ తెలియాలి. మేనేజరు వచ్చేదాకా ఎండలో నిలబెట్టకూడదు.

10. మార్చలేని చోట

పై అంతస్తుకు లిఫ్టు పెట్టలేని పాత కట్టడాలుంటాయి. నాగార్జునకొండ మ్యూజియంలాగా పడవెక్కి వెళ్లాల్సినవీ ఉంటాయి. అక్కడ రెండు దారులు. ముఖ్యమైన వస్తువులనో, వాటి నకళ్లనో కింది గదిలోకి దించండి. లేదా ఒక పెట్టె తయారుచేయండి: ముట్టుకునే బొమ్మలు మూడు, ఒక దిమ్మె, ఆడియో ఉన్న ఫోను. ఆ పెట్టెను అంధుల పాఠశాలకు మీరే తీసుకెళ్లండి. పైన ఏముందో ఫొటోల పుస్తకం చేసి కిందపెట్టి చేతులు దులుపుకోవడం మాత్రం ఆఖరి మార్గం.

11. వారు బయల్దేరకముందే చెప్పండి, నెలనెలా చూడండి

మీ పేజీలోనూ, ఫోనులో అడిగినవారికీ ఉన్నది ఉన్నట్టు చెప్పండి: "గేటు దగ్గర రెండు మెట్లు, పక్కన ర్యాంపు ఉంది. వీల్‌చైర్ ఒకటి ఉంది. పై అంతస్తుకు లిఫ్టు లేదు. ముట్టుకునే బొమ్మలు మూడు. టాయిలెట్ కింద ఉంది." దివ్యాంగులకు అన్ని సౌకర్యాలూ ఉన్నాయి అని ఒక్క ముక్కలో రాయకండి. ఆ మాట నమ్మి యాభై కిలోమీటర్లు బస్సులో వచ్చి మెట్ల దగ్గర ఆగిపోయినవారు మళ్లీ రారు, పదిమందికి చెబుతారు కూడా.

నెలకోసారి చూడాల్సినవి: వీల్‌చైర్ టైర్లలో గాలి, బ్రేకులు, క్యూఆర్ కోడ్ తెరుచుకుంటోందా, ప్లేయరు చార్జింగు, బ్రెయిలీ చుక్కలు అరిగాయా, ముట్టుకునే బొమ్మల ముక్కలు ఊడాయా, టాయిలెట్‌లో మళ్లీ చీపుర్లు చేరాయా. సందర్శకుల అభిప్రాయాల పుస్తకం పక్కన వాట్సాప్ నంబరు ఒకటి రాసిపెట్టి, మాటల్లో చెప్పి పంపినా తీసుకుంటామనండి. పెన్నుతో రాయలేనివారి ఫిర్యాదు ఆ పుస్తకంలోకి ఎప్పటికీ ఎక్కదు.